చిరునామా లేని పూస

మామిడి కోతలు ముగింపుకు వచ్చే రోజుల్లో నూజివీడులోని మా మద్రసాకు వచ్చిపోయేవారు ఎక్కువవుతారు. తోటలు గుత్తకు తీసుకున్నవారు ఆ వేళకు లెక్కలు చూసుకుని, ఉష్ర్ ఎంత తీయాలి, దాన్ని తోట యజమాని ఇవ్వాలా, గుత్తదారు ఇవ్వాలా అని అడగడానికి వస్తారు. చిన్న రసాల బుట్ట ఒకటి గడప దగ్గర దించి, నిలబడే ప్రశ్న అడిగి, నిలబడే జవాబు విని వెళ్ళిపోతారు. నిరుడు మే నెలాఖరున అస్ర్ నమాజు తరువాత వచ్చిన ఒక పూర్వ విద్యార్థి మాత్రం బుట్ట తేలేదు. ఎరువుల సంచి ఒకటి తెచ్చాడు. దాన్ని వరండాలో మెల్లగా దించి, మూతి విప్పి, నా ఎదుట కూర్చున్నాడు. అందులో కుండ పెంకులు, మట్టి, తుప్పు పట్టి ఉబ్బిపోయిన ఇనుప ముక్కలు రెండు, వేలెడంత ఎముకలు కొన్ని ఉన్నాయి.

“ఉస్తాద్, ఇది మనవాళ్ళ ఖబరా, వేరేవాళ్ళదా?” అని అడిగాడు.

జరిగిన సంగతి ఇది. అతని బావమరిదికి ఇక్కడికి ఉత్తరాన మెట్ట భూమిలో కొంత తోట ఉంది. నీటి కుంట కోసం జేసీబీతో తవ్విస్తుండగా, గుట్ట వాలులో పెద్ద గుండ్లు కొన్ని వలయంగా పేర్చినట్టు కనిపించాయి. వాటిని పక్కకు నెట్టించారు. గుండ్ల నడుమ రాళ్ళ పోగు, పోగు కింద ఒక బండ పలక. పలకను లేపేసరికి నాలుగు వైపులా నిలబెట్టిన పలకలతో పెట్టె వంటి గది, అందులో కుండలు. “లంకెబిందెలు” అని ఎవరో అరిచారు. ఆ ఒక్క మాట చాలింది. పావుగంటలో కుండలన్నీ పగిలిపోయాయి. మట్టి తప్ప ఏమీ దొరకలేదు. అప్పుడు ఎముకలు కంటపడ్డాయి. అంతవరకు ఉన్న ఆశ భయంగా మారింది. ఆ రాత్రి ఇంట్లో ఒకామెకు జ్వరం వచ్చింది. నిమ్మకాయలు కోయాలని ఒకరు, ఫాతిహా చదివించాలని మరొకరు, ఆ చోట ఆకుపచ్చ జెండా పాతి చాదర్ కప్పాలని ఇంకొకరు సలహా ఇచ్చారట. చివరి సలహాను పాటించి ఉంటే, పదేళ్ళు తిరిగేసరికి అక్కడ ఒక ఉరుసు కూడా జరిగేదని నాకు సందేహం లేదు.

అది ముస్లిముల ఖబరు కాదని చెప్పడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. మన మృతులకు మనం కఫన్ తప్ప మరేమీ ఇవ్వము. స్నానం చేయించి, తెల్లని గుడ్డ చుట్టి, కుడి ప్రక్కకు తిప్పి, ముఖం ఖిబ్లా వైపు ఉండేలా పడుకోబెడతాము. మన దేశంలోనైతే తల ఉత్తరానికి, ముఖం పడమటికి. వేల సంవత్సరాల తరువాత ఎవరైనా మన ఖబరస్తాన్‌ను తవ్వితే, జాబితా రాసుకోవడానికి వారికి వస్తువేదీ దొరకదు, దిక్కు ఒక్కటే దొరుకుతుంది. కుండలు, కత్తులు, పూసలు తోడు పెట్టి పంపిన ఆ మనిషి మరొక కాలానికి చెందినవాడు. అతని ప్రజలు ఇస్లాం రాకకు వెయ్యేళ్ళకు పైగా ముందే ఈ నేలమీద పశువులను మేపి, ఇనుము కరిగించి, పంటలు పండించారు.

మన తెలుగు నేలపై ఇటువంటివి చాలాచోట్ల ఉన్నాయి. పండితులు వీటిని బృహత్ శిలా సమాధులంటారు. పల్లెల్లో రాకాసి గుళ్ళనీ, పాండవుల గుళ్ళనీ పిలుస్తారు. అంత పెద్ద బండలను మామూలు మనుషులు ఎత్తలేరని నమ్మకం కాబోలు. ఇవి దక్షిణ భారతంలో ఇనుప యుగానికి చెందినవి. సుమారు క్రీ.పూ. 1200 ప్రాంతం నుంచి క్రీస్తుశకం తొలి శతాబ్దాల సమీపం వరకు ఈ ఆచారం సాగిందని చెబుతారు. హైదరాబాదులోనే మౌలా అలీలో, హష్మత్‌పేటలో ఇవి ఉన్నాయి. గోదావరి ఒడ్డున జానంపేట పరిసర అడవుల్లో బండ గదులు వందల సంఖ్యలో ఉన్నాయి. ఆ ప్రాంతంలో శిలువ ఆకారంలో చెక్కి నిలబెట్టిన రాళ్ళను చూసి, ఇవి తొలి క్రైస్తవుల సమాధులేమోనని ఊహించిన ఆంగ్లేయులు కూడా ఉన్నారు. ఎవరి కళ్ళకు వారి ఖబర్లే కనిపిస్తాయి! మా శిష్యుని ఊరివారికి దర్గా కనిపించినట్టే.

మా ఏలూరు జిల్లాలోనే, పోలవరం ముంపు ప్రాంతమైన వేలేరుపాడు మండలంలోని రుద్రంకోట వద్ద రాష్ట్ర పురావస్తు శాఖవారు ఇటువంటి సమాధులను తవ్వారు. నీరు రాకముందే వాటిలో ఉన్నది చదివి రాసుకోవాలన్నది ఆ పని ఉద్దేశం. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తెలంగాణ శాఖవారు తవ్విన సమాధిపై కప్పిన బండ నలభై టన్నులకు పైబడినది. దాన్ని తీయడానికి క్రేను కావలసివచ్చింది. క్రేను లేని కాలంలో దాన్ని అక్కడికి చేర్చినవారికి ఆ మృతునిపై ఎంత ప్రేమో, ఎంత భయమో!

ఇక ప్రశ్నలో రెండవ భాగం. “తవ్విన పాపం మాపై ఉంటుందా?” అని అతడు అడగలేదు గాని, అడగడానికే వచ్చాడని ముఖం చెబుతూనే ఉంది.

మేము మద్రసాల్లో బోధించే ‘హిదాయా’లో జకాత్ ప్రకరణంలోనే గనులు, రికాజ్‌లకు ఒక అధ్యాయం ఉంది. రికాజ్ అంటే భూమిలో పాతిపెట్టబడి దొరికిన నిధి. దానిలో అయిదవ వంతు ప్రజాధనానికి చెందుతుంది. మా ఉస్తాద్ గారు దీన్ని బోధించేటప్పుడు మేమంతా దాన్ని కథలా విన్నాము. నిధి దొరికేది ఎవరికి? ముప్పై ఏళ్ళుగా నేను కూడా దాన్ని త్వరత్వరగా దాటిస్తూ వచ్చాను. ఆ సంచి వచ్చిన రాత్రి మళ్ళీ తీసి చదివితే ఒక సంగతి నన్ను నిలిపింది. దొరికిన వస్తువును ముందుగా పరీక్షించి, దానిపై ఉన్న గుర్తులు చూడమంటారు మన ధర్మవేత్తలు. ముస్లిముల కాలపు గుర్తు ఉంటే అది ఎవరో పోగొట్టుకున్న సొమ్ము, అసలు యజమాని కోసం ప్రకటించాలి. అంతకు ముందు కాలపు గుర్తు ఉంటే రికాజ్. అంటే, ‘ఇది ఎవరిది, ఏ కాలానిది’ అని అడగకుండా ‘ఇది నాది’ అనే హక్కు తవ్వినవానికి లేదు.

మన దేశపు చట్టం కూడా ఇంచుమించు అదే చెబుతుంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. పది రూపాయలంటే ఈనాడు ఒక కప్పు టీ. పాత కుండకు విలువ ఏముంటుందని మా శిష్యుడు వాదించాడు. నాకు జవాబు తోచలేదు. మరునాడు ఉదయం అతణ్ణి వెంటబెట్టుకుని తహసీల్దారు కార్యాలయంలో కాగితం ఇచ్చి వచ్చాను.

ఎముకల విషయం అంత సులువుగా తేలలేదు. మృతుని ఎముకకు కూడా సజీవుని ఎముకకు ఉన్నంత గౌరవం ఇవ్వాలని హదీసు మనకు నేర్పుతుంది. ఒక యూదుని జనాజా పోతుంటే దైవప్రవక్త (సఅసం) లేచి నిలబడిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. అలాంటప్పుడు వాటిని వెంటనే ఒక గుడ్డలో చుట్టి పూడ్చిపెట్టించాలా, సంబంధిత అధికారులు చూసేవరకు ఉంచాలా? నర్మెట్టలో దొరికిన ఎముకలను హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలకు పరీక్ష నిమిత్తం ఇచ్చారు. పంటి అరుగుదల చూసి మనిషి వయస్సును, తిన్న తిండిని చెప్పగల విద్య ఈనాడు ఉంది. శుభ్రమైన గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, చూసేవారు చూసేవరకు ఉంచమని నేను చెప్పాను. మా మద్రసాలోనే నా సహోపాధ్యాయులొకరు ఇందుకు ఈనాటికీ ఒప్పుకోరు. తెరవడమే తప్పు అయినప్పుడు, తెరిచిన తరువాత జాప్యం మరో తప్పు అని వారి మాట. వారి మాటలో బలం లేదని నేననలేను. అయితే ఆ ఎముకలు కుండల్లో ఉన్నవి కావు, కుండలు పగలగొట్టిన కాళ్ళ కింద నలిగినవి. ఆ మనిషికి అగౌరవం అప్పటికే జరిగిపోయింది. అతను ఎవరో తెలుసుకోవడానికి ప్రయత్నించడం నాకు ఆ అగౌరవానికి కొనసాగింపుగా తోచలేదు.

ఈ విషయం మీద ఆ వేసవి సెలవులంతా చదివాను. చదివినకొద్దీ ఒక పేరు మాటిమాటికీ ఎదురయింది: గులాం యజ్దానీ. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను నెలకొల్పినప్పుడు దాని అధిపతి ఆయనే. అరబీ, ఫారసీ భాషల విద్వాంసుడు. మసీదుల, కోటల, సమాధుల శాసనాలను చదివి ప్రకటించే పత్రికకు ఏళ్ళ తరబడి సంపాదకుడు. అజంతా చిత్రాల గురించి ఆయన వెలువరించిన సంపుటాలు ప్రపంచ ప్రసిద్ధం. అటువంటి మనిషి 1917లో హైదరాబాదు పురావస్తు సంఘం పత్రికలో రాసినది దేని గురించి? ఈ రాకాసి గుళ్ళలోని కుండల మీద గీసి ఉన్న చిన్న చిన్న గుర్తుల గురించి. నిలువు గీతలు, నిచ్చెనలు, బాణాలు, కొక్కేల వంటివి. కాల్చిన కుండపై మొనగల పనిముట్టుతో ఎవరో గీసినవి. వాటిని ఒక్కొక్కటిగా ఎత్తి రాసుకుని, ప్రాచీన లిపులతో పోల్చి చూశాడాయన. అవి అక్షరాలా, కుమ్మరి గుర్తులా, కులపు గుర్తులా అన్న వాదం నేటికీ తేలలేదు. తేలకపోయినా ఆయన రాసిపెట్టిన పట్టిక నిలిచింది. ఖత్తు, నస్తాలీఖు చదివిన కళ్ళతో, చదవరాని గీతలను కూడా అదే శ్రద్ధతో చూశాడు. మనవాళ్ళలో ఇటువంటి ఒకరున్నారని నేను మద్రసాలో ఉన్న ఏడేళ్ళలో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ నా విద్యార్థులకు చెప్పలేదు.

ఆయనకు ముందు, సురపురంలో నిజాం సంస్థానపు వ్యవహారాలు చూసిన మెడోస్ టేలర్ 1850 ప్రాంతంలో ఇటువంటి సమాధులను తెరిచాడు. నిధి కోసం గుంత తవ్వినట్టు తవ్వకుండా, సమాధిని నిలువుగా కోసి చూసి, ఏ పొరలో ఏముందో బొమ్మ గీశాడు. దాదాపు నూరేళ్ళ తరువాత, 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో శాస్త్రీయంగా తవ్వించిన మార్టిమర్ వీలర్ ఆ బొమ్మలను చూసి మెచ్చుకున్నాడు. ఇక నాగార్జునసాగర్ కింద మునిగిపోనున్న ఏలేశ్వరాన్ని తవ్వించి 1963లో గ్రంథం ప్రకటించినవారు మొహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్. ఎదుటి ఒడ్డున నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు సాగాయి. అక్కడి బృహత్ శిలా సమాధిని ఈనాడు కొండమీది దీవిలో చూడవచ్చు. పడవ దిగిన యాత్రికులు దాన్ని రాళ్ళ కుప్ప అనుకుని దాటిపోతారు. నేనూ ఒకసారి పిల్లలతో వెళ్ళినప్పుడు అలాగే దాటిపోయాను.

ఈ పని ఎలా చేస్తారన్నది కొంత వివరంగా చెప్పాలి. ఎందుకంటే, మా శిష్యుని తోటలో పావుగంటలో జరిగినదానికి సరియైన పద్ధతిలో ఎన్నో వారాలు పడుతుంది. గుండ్ల వలయాన్ని ముందు నాలుగు భాగాలుగా విభజిస్తారు. భాగాల మధ్య మట్టి గోడలు వదిలి, ఎదురెదురు భాగాలను దించుతారు. ఆ గోడలో పొరలు కనిపిస్తాయి: పైన గాలికి చేరిన మట్టి, దాని కింద రాళ్ళు, దాని కింద సమాధి కోసం తవ్వి తిరిగి పోసిన మట్టి. లోపలి గదికి చేరిన తరువాత పార పక్కన పెడతారు, తాపీలు, కుంచెలు, వెదురు పుల్లలు చేతికి తీసుకుంటారు. కుండ కనబడితే ఎత్తరు. ఉన్నచోటనే శుభ్రం చేసి, పక్కన కొలత కర్ర, ఉత్తరం చూపే బాణం పెట్టి ఫొటో తీస్తారు. కాగితం మీద కొలతకు తగినట్టు బొమ్మ గీస్తారు. ఈ వైపు నుంచి ఇంత, ఆ వైపు నుంచి ఇంత, పైనుంచి ఇంత లోతు అని మూడు కొలతలు రాస్తారు. అప్పుడు సంఖ్య వేసి ఎత్తుతారు. కుండలోని మట్టిని పారబోయరు. గింజలున్నాయేమో జల్లెడ పట్టి నీటిలో తేల్చి చూస్తారు.

తరువాత పట్టిక. వరుస సంఖ్య, వస్తువు పేరు, దేనితో చేసినది, పొడవు వెడల్పులు, ఏ సమాధి, ఏ భాగం, ఏ పొర, ఎంత లోతు, ఏ తేదీ, ఏ స్థితిలో దొరికింది, ఫొటో సంఖ్య, బొమ్మ సంఖ్య. ఒక్కొక్క పూసకు ఇంత రాత. మద్రాసు ప్రభుత్వ కాలంలో అలెగ్జాండర్ రియా తిరునెల్వేలి వైపు ఆదిచ్చనల్లూరులో తవ్విన సమాధి వస్తువులకు 1915లో అచ్చయిన పట్టిక అటువంటిదే. అంతకు ముందు, 1876లో జర్మనీ నుంచి వచ్చిన ఒకాయన అదే చోట తవ్వి, దొరికినవాటిని బెర్లినుకు తరలించుకుపోయాడు.

ఇంత రాత ఎందుకో నాకు మొదట బోధపడలేదు. ఇరాఖులోని ఉర్ నగరపు కథ చదివిన తరువాత బోధపడింది. ఉర్ అంటే చాలామందికి ఇబ్రాహీం అలైహిస్సలాం గారి జన్మస్థలంగా తెలుసు. దివ్యఖుర్‌ఆన్ ఆ ఊరి పేరు చెప్పలేదు. కాబట్టి ఆ విషయాన్ని నేను అంతటితో వదిలేస్తున్నాను. లియొనార్డ్ వూలీ అనే ఆంగ్లేయుడు 1922లో అక్కడ తవ్వకం మొదలుపెట్టినప్పుడు తొలి కందకంలోనే బంగారు పూసలు తగిలాయి. అతడు ఏం చేశాడు? ఆపేశాడు. తన పనివాళ్ళకు ఇంకా చేయి కుదరలేదని, ఇంత సున్నితమైన స్మశానాన్ని ఇప్పుడు తెరిస్తే పాడవుతుందని, నాలుగేళ్ళు దాన్ని ముట్టుకోలేదు. బంగారం కనబడిన తరువాత నాలుగేళ్ళు చేయి వెనక్కు పెట్టుకున్నవాడు! ఆ కాలంలో పనివాళ్ళకు నేర్పిన మేస్త్రీ సిరియా దేశీయుడు షేఖ్ హమూదీ. చివరికి తెరిచినప్పుడు సుమారు 1,850 సమాధులు బయటపడ్డాయి. వాటిలో 16 రాచవారివి, ఇప్పటికి నాలుగు వేల అయిదువందల ఏళ్ళనాటివి. రాచవారితోపాటు పరిజనం కూడా చనిపోయింది. ఒక్క గోతిలోనే 74 మంది, అధికులు స్త్రీలు, పండుగ అలంకారాలతో వరుసలుగా పడివున్నారు.

ఆ స్త్రీల జుట్టుకు బంగారు, వెండి పట్టీలు చుట్టి ఉన్నాయి. ఒకామె తలపై మాత్రం పట్టీ లేదు. నడుము దగ్గర గుండ్రంగా చుట్టలు చుట్టిన వెండి పట్టీ దొరికింది. ఆమె తయారవడానికి ఆలస్యమై, దాన్ని పెట్టుకోవడానికి వ్యవధి లేక, అలాగే తీసుకుని పరుగున వచ్చి ఉంటుందని వూలీ భావించాడు. ఆ వెండిని తూకం వేస్తే ఎంత? అదే వెండిచుట్ట ఒక దొంగ చేతిలో పడివుంటే కరిగిపోయేది, ఒక అశ్రద్ధ గల పనివాని చేతిలో పడివుంటే ‘వెండి పట్టీ, ఒకటి’ అని బుట్టలో చేరేది. అది నడుము దగ్గర ఉన్నదని రాశారు కాబట్టి, ఆలస్యమైన ఒక ఆడపిల్ల మనకు తెలిసింది.

ఇక్కడ నాకు మా విద్య గుర్తుకు వచ్చింది. హదీసు పాఠంలో మేము ముందు మాట చూడము, ఆ మాట ఎవరి నుంచి ఎవరికి చేరిందో చూస్తాము. సనదు తెగిన మాట ఎంత అందంగా ఉన్నా దానిపై తీర్పు నిలబెట్టము. సమాధిలోని వస్తువుకు దొరికిన చోటే సనదు. ఏ సమాధి, ఏ పొర, ఎవరి తల దగ్గర, ఎవరు చూశారు, ఎవరు రాశారు. ఆ గొలుసు తెగితే కుండ ఉంటుంది, సాక్ష్యం ఉండదు. 2003 ఏప్రిల్‌లో బగ్దాదు మ్యూజియం కొల్లగొట్టబడినప్పుడు సుమారు 15,000 వస్తువులు పోయాయి. వాటిలో చాలావాటిని దేశదేశాల్లో గుర్తుపట్టి వెనక్కు తేగలిగింది పట్టికల్లో సంఖ్యలు, కొలతలు, ఫొటోలు ఉన్నందువల్లనే. పట్టికకెక్కక ముందే ఎడారిలో రాత్రివేళ తవ్వి అమ్మేసిన వస్తువుల కోసం దావా వేయడానికి కూడా ఆధారం లేదు.

ఉర్ సమాధుల్లో రాశులుగా దొరికిన మరొక వస్తువు ఎర్రని అఖీఖ్ పూసలు. మనలో చాలామంది ఉంగరంలో ధరించే రాయే. వాటిలో కొన్నిటిపై తెల్లని గీతలు ఉన్నాయి. సోడా కలిపిన ముద్దతో రాతిపై గీసి నిప్పులో కాలిస్తే ఆ తెలుపు రాతిలోకి ఇంకుతుంది. ఈ విద్య సింధు ప్రాంతపువారిది. అక్కడి నుంచే ఆ పూసలు సముద్రం దాటి వెళ్ళాయి. అదే విద్యతో చేసిన పూసలు, చాలా తరువాతి కాలానివి, మన దక్కను సమాధుల్లోనూ దొరుకుతాయి. ఇది చదివిన రాత్రి నేను లేచి, బీరువాలో పై అరలో మా అమ్మ సూదుల డబ్బాను వెతికి తీశాను.

అందులో నా పూస ఉంది. నాకు పది, పదకొండేళ్ళ వయస్సులో సెలవులకు అమ్మమ్మ ఊరికి వెళ్ళినప్పుడు, మేకలు కాసే పిల్లలతో ఒక గట్టు ఎక్కాను. అక్కడ గుండ్ల వలయాలు అయిదారు ఉండేవి. రాకాసి గుళ్ళు, మధ్యాహ్నం అక్కడికి పోకూడదు అనేవారు పెద్దలు. అందుకే మధ్యాహ్నం పోయేవాళ్ళం. ఒక వలయం పక్కన వానకు కోసుకుపోయిన మట్టిలో ఎర్రగా మెరిసింది. పుల్లతో గుచ్చి తీశాను. దానికోసం ఇంకా లోపల తవ్వాను కూడా, ఒక కుండ అంచు తగిలితే విరిచి పారేశాను. పూసపై రెండు తెల్లని గీతలు వంకరగా చుట్టివుంటాయి. దర్జీ మామయ్య దారం ఎక్కించి ఇస్తే కొన్నాళ్ళు మెడలో వేసుకున్నాను. తావీజు అనుకుని మా నాన్నగారు కోప్పడితే తీసి డబ్బాలో దాచాను. నలభై ఏళ్ళకు పైబడింది.

జూన్ చివర్లో, పురావస్తు శాఖలో పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషి, మా పరిచయస్తుల ద్వారా తోట చూడటానికి వచ్చారు. అప్పటికి కుంట పూర్తయింది. రాతి గది ఉన్నచోట నీరు నిలిచింది, తీసిన మట్టి కట్ట మీద పరచుకుపోయింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. సంచిలోని పెంకులను చాప మీద పరిచి, అంచులు ఒక వైపు, అడుగులు ఒక వైపు, మిగిలినవి మందాన్ని బట్టి విడదీశారు. కొన్నిటి లోపలి భాగమూ అంచూ నలుపు, బయట ఎరుపు. రెండు గంటల్లో, “కనీసం ఏడు కుండలు, ఒక మూత, ఒక కత్తి, ఒక బాణపు మొన కావచ్చు” అన్నారు. తరువాత ప్రశ్నలు మొదలుపెట్టారు. ఎముకలు కుండల్లో ఉన్నాయా, బయటనా? కత్తి మొన ఏ వైపు? నిలబెట్టిన పలకల్లో దేనికైనా గుండ్రటి రంధ్రం ఉందా? కుండలు ఒకే వైపు ఉన్నాయా? ఒక్క ప్రశ్నకూ జవాబు లేదు. తవ్విన పదిమంది ఎదుటనే నిలబడి ఉన్నారు, ఒక్కరూ చూడలేదు. అందరూ బంగారం కోసమే చూశారు.

అప్పుడు జేసీబీ దగ్గర సహాయకుడిగా ఉన్న కుర్రవాడు, పదిహేడేళ్ళుంటాయేమో, జేబులోంచి ఫోను తీశాడు. పలక లేపినప్పుడు స్నేహితులకు పంపడానికి వీడియో తీశాడట. నలభై సెకన్లు. అందులో సగం అతని నవ్వే, కుదుపే. అయినా నడుమ ఒకచోట గది లోపలి భాగం తేటగా కనిపిస్తుంది: ఒక మూలన మూడు కుండలు ఆనుకుని, వాటి ముందు పొడవైన ఇనుప వస్తువు, ఎదుటి పలకలో అర్ధచంద్రంలా ఒక నల్లని ఖాళీ. ఆ పెద్దమనిషి దాన్ని ఎన్నిసార్లు చూశారో నేను లెక్కపెట్టలేదు. ఆపి, నడిపి, ఆపి, తన పుస్తకంలో బొమ్మ గీశారు. వీడియో తీసిన సమయం ఫోనులో ఉంది, ఉదయం 9 గంటల 12 నిమిషాలు. పలక నీడ పడిన వైపును బట్టి తూర్పు ఎటో లెక్కగట్టి, రంధ్రం ఉన్న పలక తూర్పు వైపుదని రాసుకున్నారు. కుర్రవాని పేరు, ఊరు, తండ్రి పేరు కూడా అడిగి రాశారు. “ఇది దొరికిన విధానానికి సాక్షివి నువ్వే” అన్నారు. వాడు సిగ్గుపడి నవ్వాడు.

పెట్టెలోని ఎముకలను కూడా ఆయన చూసి, గుడ్డను నేను చుట్టినట్టే తిరిగి చుట్టి, తాను చెప్పినవారు వచ్చి తీసుకునేవరకు మద్రసాలోనే ఉంచమన్నారు. పళ్ళు మూడు ఉన్నాయని, వాటి అరుగుదలను బట్టి ముసలి మనిషి కాదని అన్నారు.

ఆయన బయలుదేరబోతుండగా నేను సూదుల డబ్బా తెచ్చి ఇచ్చాను. పూసను అరచేతిలో దొర్లించి, వెలుతురుకు ఎత్తి, కళ్ళజోడు మార్చుకుని చాలాసేపు చూశారు. మంచి పూస అన్నారు. ఇటువంటివి ఈ ప్రాంతంలో తరచు దొరకవన్నారు. పుస్తకంలో కొత్త పుట తిప్పి, వస్తువు, రాయి, పొడవు, రంగు, గీతలు అన్నీ వరుసగా రాసుకున్నారు.

“ఎక్కడ దొరికింది మౌలానా?”

అమ్మమ్మ ఊరి పేరు చెప్పాను. గట్టు అన్నాను. ఏ గట్టు అని అడిగారు. ఊరి చుట్టూ మూడు గట్లు ఉండేవి. ఒకటి క్వారీ అయిపోయింది, ఒకదాని మీద ఇళ్ళ స్థలాలు ఇచ్చారు. మేము ఎక్కినది ఏదో నాకు గుర్తులేదు. ఎన్నవ వలయం, లోపలా బయటా, ఎంత లోతు, కుండ అంచు ఏ రంగు, ఇవేవీ అడగకుండానే ఆయన ఊరుకున్నారు. ఊరి పేరు రాసి, దాని పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టి, పుస్తకం మూశారు.